శరత్తుది ఏ వాసన?

పోయిన ఆశ్వయుజంలో మా చెల్లెలి కూతురు న్యూజెర్సీ నుంచి వస్తున్న వాళ్ళెవరి చేతో ఒక చిన్న అట్టపెట్టె పంపింది. విప్పి చూస్తే చిటికెన వేలంత గాజు సీసాలు అయిదు, దూదిలో పడుకోబెట్టి ఉన్నాయి. ఆ రాత్రే ఫోన్ చేసింది. "పెద్దమ్మా, ఇవి ఇక్కడ చిన్న చిన్న కార్ఖానాల్లో చేస్తారు. చాలావరకు ఆడవాళ్ళే నడుపుతారు. స్ప్రే కాదు, స్పిరిట్ ఉండదు, ఉత్త నూనే. మన అత్తరు లాంటిదే అనుకో. శరదృతువు వాసనలట. రోజుకొకటి రాసుకుని ఏం గుర్తొచ్చిందో నాకు చెప్పు" అంది.

ముప్పయ్యేళ్ళకి పైగా కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయిన దాన్ని. రాజుల గురించి, శిస్తుల గురించి, యుద్ధాల గురించి చెప్పాను. వాసన గురించి ఒక్క పాఠం చెప్పలేదు. శాసనానికి వాసన ఉండదు, దస్తావేజుకి చెదల వాసన తప్ప మరొకటి ఉండదు. వంటిల్లు, పెరడు, పురిటిగది, ముట్టు గది - ఆడవాళ్ళ జీవితం గడిచిన చోట్లన్నీ వాసనలతో నిండినవే. అవి రికార్డుల్లోకి ఎక్కలేదు. ఎక్కని దాన్ని చరిత్ర అనకూడదని మాకు నేర్పారు, మేమూ పిల్లలకి అదే నేర్పాం. ఆ సీసాలు ముందేసుకుని బ్రాడీపేట ఇంటి వసారాలో కూర్చున్నప్పుడు, వీటి గురించి రాయడానికి నాకున్న అర్హత ముక్కు ఒక్కటే కదా అనిపించింది. తర్వాత తెలిసింది, ఆ ముక్కు కూడా నిర్దోషి కాదని. ఆ సంగతి చివర్లో చెబుతాను.

మొదటి సీసా మీద ఎండుటాకుల బొమ్మ ఉంది. మణికట్టు మీద రాసుకుంటే పొడిబారిన గడ్డి, కాస్త నాచు, అడుగున ఏదో తీపి. బాగుంది, కానీ నాకేమీ గుర్తు రాలేదు. ఎందుకు రాలేదా అని ఆలోచిస్తే, మన శరత్తులో ఆకులు రాలవు. ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజ కార్తీకాలంటే వానలు వెనకపట్టి ఆకాశం కడిగినట్టు అవడం, కాలవ గట్ల మీద రెల్లు తెల్లగా పూయడం, తెల్లవారేసరికి పారిజాతాలు నేల మీద పరుచుకోవడం. ఏడాకులపాల చెట్టు కూడా ఈ కాలంలోనే పూస్తుంది. విశాఖపట్నంలో రోడ్ల పక్కన విరివిగా నాటిన ఈ చెట్లు పూసినప్పుడు రాత్రిళ్ళు ఆ ఘాటు భరించలేమని జనం గోల పెడుతుంటారు. కాళిదాసు శరత్తును వర్ణించినప్పుడు ఈ పువ్వును మరిచిపోలేదు. రఘువంశంలో అయితే ఆ పూల వాసన ఏనుగుల మదజలాన్ని తలపిస్తుంది. రఘువు దండయాత్రకు బయల్దేరేది శరత్తులోనే. బురద ఆరి, నదులు దాటడానికి వీలయ్యే కాలం అది. కావ్యాల్లో శరత్తు అంటే మగవాళ్ళు యుద్ధాలకు వెళ్ళే కాలం. వెనక ఉండిపోయిన వాళ్ళకి ఆ కాలం ఎలాంటి వాసన వేసిందో ఏ కవీ చెప్పలేదు.

వసంతానికి మాత్రం మా ప్రాంతంలో ఒక రాజే ఉన్నాడు. గుంటూరుకి పడమరగా, ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉన్న కొండవీటిని 1386 నుంచి 1402 దాకా ఏలిన కుమారగిరి రెడ్డికి కర్పూర వసంతరాయలు అని పేరు. ఏటా వసంతోత్సవం చేసి కర్పూరం, కస్తూరి, గంధం, కుంకుమపువ్వు కుప్పలుగా వెచ్చించేవాడట. ఆ ద్రవ్యాలు సమకూర్చింది అవచి తిప్పయ్య సెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. ఆ కావ్యంలో శ్రీనాథుడు తిప్పయ్య సెట్టి ఓడల మీద తెప్పించే సరుకుల జాబితా ఒకటి ఇచ్చాడు. సుమత్రా వైపు నుంచి కర్పూరం, భోట దేశం నుంచి కస్తూరి, గోవా నుంచి సంకుమదం, హురుముంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు. ఆరు వందల ఏళ్ళ కిందటి సుగంధ వ్యాపారం లెక్క మాకు ఇంత వివరంగా మిగిలింది. మరి ఆ ఉత్సవంలో నాట్యం చేసిన లకుమ? కాటయ వేముడు రాసిన వ్యాఖ్యానంలో ఆమెని మెచ్చుకుంటూ ఒక శ్లోకం. మనకున్న సమకాలపు సాక్ష్యం దాదాపు అంతే. 1957లో సి. నారాయణ రెడ్డి 'కర్పూర వసంతరాయలు' కావ్యం రాస్తే లకుమ తెలుగు పాఠకులకి మళ్ళీ దగ్గరయింది. కానీ ఆ కావ్యం పేరు కూడా రాజుదే. కర్పూరం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు, ఎవరు కొన్నారో తెలుసు. ఆ కర్పూరపు పొడిలో ఆడిన మనిషి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

రెండో సీసా యాపిల్, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ. అక్కడ గుమ్మడికాయతో చేసే తీపి వంటకాల్లో వేసే మసాలాలట. చలి మొదలవగానే కాఫీ నుంచి కొవ్వొత్తి దాకా అన్నీ ఆ వాసనే వేస్తాయని మా అమ్మాయి చెప్పింది. నాకు మాత్రం పలావు గుర్తొచ్చింది. నవ్వుకున్నాను. ఆ తర్వాత నవ్వు ఆగింది. ఎందుకంటే ఈ వాసన మా జిల్లా మీదుగానే అటు వెళ్ళింది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేపల రేవుగా మిగిలిన నిజాంపట్నం, యూరపు వర్తకుల కాగితాల్లో పెటపోలి. 1606లో డచ్చి వాళ్ళు అక్కడ వ్యాపారం మొదలుపెట్టారు. 1611లో ఇంగ్లీషు వాళ్ళ 'గ్లోబ్' ఓడ కూడా అక్కడికి వచ్చింది. వాళ్ళకి కావలసింది మన అద్దకపు బట్టలు. కావలసింది కూడా కట్టుకోవడానికి కాదు. లవంగాలు, జాజికాయలు పండే దీవుల వాళ్ళు వెండి కంటే కోరమాండల్ నూలుబట్టని ఇష్టపడేవాళ్ళు. ఇక్కడ బట్ట కొని అక్కడ మసాలా మార్చుకుని యూరపుకి తీసుకెళ్ళేవాళ్ళు. ఆ బట్టకి నూలు వడికింది ఇంటింటా ఆడవాళ్ళు. పొలం పనీ వంట పనీ అయ్యాక రాట్నం ముందు కూర్చున్నవాళ్ళు. న్యూజెర్సీ కాఫీ మీద తేలే లవంగం వాసనలో ఎక్కడో అడుగున వాళ్ళ వేళ్ళ అరుగుదల ఉంది. ఏ సీసా మీదా ఆ సంగతి రాయరు.

మూడో సీసా తెరవగానే మూత పెట్టేశాను. పొగాకు. పచ్చి పొగాకు కాదు, బ్యారన్‌లో కాల్చి పచ్చబంగారం రంగు తేలిన వర్జీనియా పొగాకు. తేనె, ఎండుగడ్డి, కిస్మిస్ కలిసినట్టుండే ఆ తీపి వాసన గుంటూరు, ఒంగోలు వాళ్ళెవరూ మరిచిపోలేరు. మా నేల మీద వర్జీనియా సాగు 1920లలో మొదలయింది. పొగాకు బోర్డు 1976లో ఏర్పడినప్పుడు దాని ప్రధాన కార్యాలయం గుంటూరులోనే పెట్టారు. ఇది కూడా మా శరత్తు వాసన కాదు. ఆశ్వయుజ కార్తీకాల్లో పొగాకు నారుమళ్ళలోనో అప్పుడే నాటిన చాళ్ళలోనో ఉంటుంది. ఆకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో కాల్చేది సంక్రాంతి వెళ్ళాక. ఆ తర్వాత రంగునిబట్టి ఆకుని వేరుచేసే గ్రేడింగ్ పని. ఆకు కట్టేదీ, గ్రేడింగ్ చేసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే.

1980లలో నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. ఎప్పుడూ చివరి బెంచీలో కిటికీ పక్కనే కూర్చునేది. చురుకైన పిల్ల, ముందుకు రమ్మంటే వచ్చేది కాదు. ఒకసారి స్టాఫ్ రూములో ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే చెప్పింది. వాళ్ళమ్మ గ్రేడింగుకి వెళుతుందట, సెలవుల్లో తనూ వెళుతుందట. ఇంట్లో బట్టలకీ, దుప్పట్లకీ, జడకీ ఆ వాసన పట్టేసిందట. రెండుసార్లు స్నానం చేసి వచ్చినా పక్కన కూర్చున్నవాళ్ళు జరుగుతున్నారట. వాసన వస్తోంది అనే మాట మన దగ్గర ఉత్త మాట కాదు. అది మనుషుల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో నిర్ణయిస్తుంది. ఫలానా వాడవైపు నుంచి, ఫలానా పని చేసేవాళ్ళ దగ్గర్నుంచి వాసన వస్తుందని పిల్లలకి ఊహ తెలిసేలోపే నేర్పుతాం. అదే ఆకు వాసనని సీసాకెత్తి, శరత్కాలపు సాయంత్రం అని పేరుపెడితే, అక్కడి ఆడపిల్లలు డబ్బిచ్చి కొనుక్కుని మెడకు రాసుకుంటున్నారు. వాళ్ళని తప్పు పట్టను. ఆ వాసన నిజంగా మధురమైనదే. కానీ మా అమ్మాయి జడలో అది మాధుర్యం ఎందుకు కాలేకపోయింది? వాసనలో తేడా లేదు. ఎవరి ఒంటి మీద ఉంది అన్నదే తేడా.

నాలుగో సీసా పొగ. చలిమంట, కట్టెలు, తారు. సెలవురోజు అడవి అంచున మంట వేసుకుని చుట్టూ కూర్చోవడం అక్కడి వాళ్ళకి ఒక సంబరం. నాకు మా అమ్మ కళ్ళు గుర్తొచ్చాయి. పత్తి తీసేశాక మిగిలిన కట్టె మోపులుగా కట్టి ఊరి నుంచి బండి మీద వచ్చేది. వానలు పడి తడిసిన పత్తికట్టె మండదు, పొగుస్తుంది. దసరా పిండివంటలన్నీ ఆ పొగలోనే. గొట్టంతో ఊది ఊది అమ్మ కళ్ళు ఎర్రగా ఉండేవి. పండగ ఫోటోల్లో ఆ ఎరుపు కనపడదు, అప్పటి ఫోటోలు నలుపు తెలుపు కదా. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద పల్లెటూళ్ళ ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు, సిలిండరు ఖరీదు గురించి అందరూ మాట్లాడారు గానీ కళ్ళ గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. పొగను సరదాగా పీల్చడానికి దాని నుంచి ఎప్పుడంటే అప్పుడు లేచి పోగలిగే వీలుండాలి.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ సీసాని రెండోసారి వాసన చూసినప్పుడు దీపావళి మర్నాటి ఉదయం గుర్తొచ్చింది. కాలిన మతాబాల గంధకం, కుంకుడు రసం, నలుగుపిండి, తలంటిన నువ్వులనూనె. అది మాత్రం అచ్చంగా మా శరత్తే. ఆ వాసన నాకు ఇష్టం. ఇష్టమైనదాన్ని కూడా రాయాలి కదా.

అయిదోది తడిమట్టి. ఇది నాకు తెలుసు. కనౌజ్‌లో మట్టి అత్తరు తీసే పద్ధతి గురించి చాలామంది వినే ఉంటారు. కాల్చిన మట్టి బిళ్ళల్ని రాగి డేగిశాలో నీళ్ళతో ఉడికించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా చందనం నూనె ఉన్న పాత్రలోకి పంపిస్తారు. తొలకరి వాసన నూనెలో చేరుతుంది. ఈ వాసనకి ఇంగ్లీషులో 'పెట్రికోర్' అనే పేరు పెట్టింది 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు. ఒకరు ఇసబెల్ జాయ్ బేర్, ఇంకొకరు రిచర్డ్ థామస్. ఉత్తరప్రదేశ్‌లో తరాలుగా ఈ అత్తరు తీస్తున్నారన్న సంగతిని కూడా వాళ్ళు గుర్తించారు. పెట్రికోర్ అన్న మాట వాడే చాలామందికి ఆ మాట వెనక ఒక ఆడమనిషి ఉందని తెలియదు. ఇంకా వెనక్కి వెళితే, సుమారు క్రీ.పూ. 1200 నాటి ఒక మట్టిపలక మీద టప్పూటి అనే పరిమళాలు చేసే స్త్రీ పేరు ఉంది. పేరు తెలిసిన తొలి పరిమళ నిపుణుల్లో ఆమె ఒకరు.

కానీ ఈ సీసాలోని తడిమట్టికి నా ఒళ్ళు పులకించలేదు. మా నల్లరేగడి మీద ఆశ్వయుజంలో వాన పడితే వచ్చే వాసనలో మట్టి ఒక్కటే ఉండదు. పత్తి పూతా కాయా మీద ఉండే రోజులవి. పురుగుమందు కొట్టే రోజులు. వాన తడికి ఆకు మీది మందు కరిగి మట్టిలో కలిసి, వెల్లుల్లి కుళ్ళినట్టు, కిరసనాయిలు పోసినట్టు ఒక వాసన పొలాల మీద నిలబడి ఉండేది. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులు అప్పుచేసి తెచ్చిన మందు పురుగు మీద పనిచేయలేదు, వాళ్ళ మీద పనిచేసింది. పత్తి రైతుల ఆత్మహత్యలన్న మాట దేశం ముందుగా విన్నది మా నేల నుంచే. ఆ ఏడాది నేను ఒక విద్యార్థినితో కలిసి వాళ్ళ పక్క ఊరు వెళ్ళాను. భర్త పోయిన ఒకామె మాకు మజ్జిగ ఇచ్చింది. మూలన ఇంకా స్ప్రేయరు డబ్బా ఉంది. దాన్ని ఎందుకు ఉంచావని అడగలేదు. ఆమే చెప్పింది, అమ్ముదామంటే కొనేవాళ్ళు లేరని, ఆ వాసన మాత్రం ఇల్లు ఎన్నిసార్లు అలికినా పోవడం లేదని. అప్పులవాళ్ళు ఆమె దగ్గరికే వస్తున్నారు. పొలం కాగితం మీద ఆమె పేరు లేదు, అప్పు మాత్రం ఆమెది. మా శరత్తుకు నిజాయితీగా ఒక అత్తరు తీయాలంటే అందులో ఆ చుక్క కూడా ఉండాలి.

అలా అయిదు సీసాలూ అయిపోయాయి. అయినా ఏదో మిగిలిందనిపించింది. ఇన్ని రోజులూ ఆకు, మసాలా, పొగాకు, పొగ, మట్టి అంటూ చుట్టూ తిరిగాను గానీ, అత్తరు అనే మాట వినగానే నాకు మొదట గుర్తొచ్చేది ఇవేవీ కావు. మా మామ్మ.

ఆవిడ మా నాయనమ్మ కాదు, తాతయ్యకి అక్క. పదకొండో ఏట పెళ్ళి, 1921లో పదహారో ఏట వైధవ్యం. పుట్టింటికి తిరిగొచ్చింది. ఆ మరుసటి ఏడే, 1922లో, ఇదే గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. అంతకు ఇరవయ్యేళ్ళ ముందే, 1902లో, ఉన్నవ వితంతు శరణాలయం పెట్టి ఉన్నారు. రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించి అప్పటికి నలభయ్యేళ్ళు. క్లాసులో ఈ తేదీలన్నీ బోర్డు మీద వరసగా రాసి, చూశారా సంస్కరణ ఎలా ముందుకు సాగిందో అని చెప్పేదాన్ని. అదే ఊళ్ళో మా ఇంటి వెనకగదికి ఆ వరస రాలేదు. నడిచి వెళ్ళగలిగే దూరంలో చరిత్ర జరుగుతుంటే మామ్మ మడిబట్ట కట్టుకుని వత్తులు చేసుకుంటూ కూర్చుంది.

విధవకి పువ్వు లేదు, పసుపు లేదు, గంధం లేదు, తాంబూలం లేదు. పాత గ్రంథాల్లో భోగాల జాబితాలు చూడండి. సుగంధం, వనిత, వస్త్రం, గీతం, తాంబూలం అని వరసగా ఉంటాయి. వాసనా ఆడదీ ఒకే వరసలో, అనుభవించవలసిన సరుకులు. అనుభవించేవాడు పోయాక ఆ సరుకుకి వాసన ఎందుకన్నదే వాళ్ళ తర్కం. ముత్తయిదువకి గంధం పూసేదీ ఆమె కోసం కాదు, అతని ఆయుష్షు కోసం. అంటే వాసన ఎన్నడూ ఆమెది కాదు.

ఆశ్వయుజంలో తెల్లవారకముందే మామ్మ పెరట్లో పారిజాతాలు ఏరేది. నేల రాలినా పూజకు పనికొచ్చేది ఆ పువ్వొక్కటే అంటారు. మామ్మకి అనుమతి ఉన్నది ఏరడానికే. పూలసజ్జ పూజగది గడప దగ్గర పెట్టి వెనక్కి వెళ్ళిపోయేది. నేనూ వెంట ఉండి ఏరేదాన్ని. నారింజరంగు కాడలు వేళ్ళకి అంటుకునేవి. ఒకరోజు, 1963లో, నాకు ఎనిమిదేళ్ళు, పూలు ఏరాక మామ్మ గదిలోకి వెళ్ళాను. ఆవిడ ట్రంకుపెట్టె తెరిచి, పాత చీరల అడుగు నుంచి ఒక చిన్న గాజు బుడ్డి తీసి, బిరడా ఊడదీసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. పెళ్ళిలో అత్తవారు పెట్టిన గులాబీ అత్తరు. ఆరిపోయి అడుగున జిడ్డు మరక మాత్రం ఉంది. నన్ను చూసి కంగారు పడలేదు. దగ్గరకు పిలిచి నా ముక్కు దగ్గర కూడా పెట్టింది. ఆ తర్వాత, ఏమనుకుందో, చిటికెన వేలితో అడుగు తడిమి తన మెడ కింద ఒకసారి రాసుకుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. మామ్మ దూరంగా గుమ్మం పక్కన ఉంది. "మామ్మ దగ్గర అత్తరు వాసన వస్తోంది" అన్నాను నేను. గొప్పగా చెప్పాను, నాకొక్కదానికే తెలిసిన రహస్యం కదా. వడ్డన ఆగిపోయింది. తాతయ్య ఏమీ అనలేదు. చేయి కడుక్కుని లేచి వెనకగదిలోకి వెళ్ళి, బుడ్డి తెచ్చి, వీధి కాలవలో పడేశాడు. ఆవిడ తమ్ముడు, ఆవిడ ఎత్తుకుని పెంచిన తమ్ముడు. మామ్మ నన్ను ఒక్కమాట కూడా అనలేదు. ఆ తర్వాత కూడా నాకు పూలు ఏరడం నేర్పింది, జడ వేసింది. 1974లో పోయింది. క్షమించమని అడగాలని నాకు తెలిసే వయసు వచ్చినప్పుడు కూడా అడగలేదు.

మొగలి పువ్వు కథ మీకు తెలుసుగా. బ్రహ్మ తరఫున అబద్ధపు సాక్ష్యం చెప్పిందని శివపూజకి పనికిరాకుండా పోయింది. నేను చెప్పింది నిజమే. కొన్నిచోట్ల నిజం చెప్పడం కూడా అవతలివాళ్ళ పక్షాన సాక్ష్యం చెప్పడమే అవుతుంది. ఆ చివరి బెంచీ అమ్మాయి వైపు తిరిగి వాసన వస్తోందన్న పిల్లలు కూడా నిజమే చెప్పారు.

ఆ గులాబీ అత్తరు కథ నాకు చాలా ఏళ్ళ తర్వాత జహంగీరు ఆత్మకథ చదువుతుంటే ఎదురయింది. నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం పన్నీరు కాయించేటప్పుడు, వేడి పన్నీరు పోసిన పళ్ళాల మీద తెట్టు తేలడం గమనించి, దాన్ని కొద్దికొద్దిగా తీసి పోగుచేసిందట. ఒక్క చుక్క అరచేతిలో రాస్తే గది నిండిపోయిందట. జహంగీరు సంతోషించి ముత్యాల హారం ఇచ్చాడు. అక్కడే ఉన్న సలీమా సుల్తాన్ బేగం దానికి 'ఇత్రే జహంగీరీ' అని పేరు పెట్టింది. కనిపెట్టింది ఒక ఆడమనిషి, పేరు పెట్టింది మరొక ఆడమనిషి, పేరు మాత్రం చక్రవర్తిది. నూర్జహాన్ పేరు మీద చలామణీ అయ్యే కథలో ఆ తల్లి పేరు కూడా చాలామందికి తెలియదు.

మామ్మ పేరు మాకూ తెలియదు. ఈ మాట రాయడానికి సిగ్గుపడుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళకి అక్కయ్య, మాకు మామ్మ, వీధిలో వాళ్ళకి వెనకింటి అమ్మ. సీసాల గురించి రాయడం మొదలుపెట్టాక ఇంటి దస్తావేజులు దించాను. 1948 నాటి పంపకాల కాగితంలో, తమ్ముళ్ళ వాటాల వివరాలన్నీ అయ్యాక, ఆఖరి పేజీలో ఒక వాక్యం ఉంది. ఫలానా వారి వితంతువు అయిన ఫలానా ఆమెకి వెనకగదిలో జీవితకాలం ఉండే హక్కు, ఏటా ఇంత మనోవర్తి. ఆ రెండో ఫలానాయే మామ్మ. కింద వేలిముద్ర కాదు, సంతకం ఉంది. గుండ్రటి అక్షరాలు. ఆవిడకి రాయడం వచ్చని కూడా మాకెవరికీ తెలియదు.

అత్తరు తీయడానికి నా దగ్గర డేగిశా లేదు. పాతకాలపు పద్ధతి ఇంకొకటి ఉంది. పొట్టు తీసిన నువ్వుల మీద తాజా పూలు పరిచి, వాడగానే తీసేసి మళ్ళీ కొత్త పూలు పరుస్తూ పోతే నువ్వులకి వాసన పడుతుంది. ఆ నువ్వులని గానుగ ఆడితే పూలనూనె. సంపెంగకీ మల్లెకీ ఇలాగే చేసేవాళ్ళు. పెరడు ఇప్పుడు సగమే మిగిలింది, మిగతా సగంలో అపార్టుమెంటు వచ్చింది. వీధినిండా హాస్టళ్ళూ ఆసుపత్రులూ. పారిజాతం చెట్టు మాత్రం గోడకి ఆనుకుని ఉంది. పదిహేను రోజులు తెల్లవారుజామున లేచి ఏరాను. మోకాళ్ళ నొప్పితో వంగలేక ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఏరాను. చివరికి ఆ గుప్పెడు నువ్వులూ రోట్లో నూరి గుడ్డలో వేసి పిండితే నాలుగు చెంచాల నూనె వచ్చింది. నిజం చెప్పాలంటే ముప్పాతిక నువ్వుల వాసనే. చాలాసేపు ఆగితే, ఎక్కడో వెనక నుంచి పారిజాతం వస్తుంది. వచ్చిందనుకునేలోపు పోతుంది.

మెడ కింద రాసుకుని ఆ రోజంతా అలాగే ఉన్నాను. మిగిలింది మా అమ్మాయి పంపిన ఖాళీ సీసాల్లో ఒకదాంట్లో పోశాను. ఎండుటాకుల కాగితం గోకేసి, తెల్లకాగితం ముక్క అంటించి, దాని మీద దస్తావేజులో ఉన్న ఆ పేరు చూసి, అదే గుండ్రటి అక్షరాలతో రాశాను. సంక్రాంతికి వచ్చిన వాళ్ళెవరో తిరిగి వెళుతుంటే వాళ్ళ చేత పంపాను.

వారానికి ఫోన్ వచ్చింది. "పెద్దమ్మా, ఎవరిదీ పేరు?" అని అడిగింది. మొదటినుంచీ చెప్పాను.